బెంటన్‌విల్ షేరుకు పాతికేళ్ల పీఈ లెక్క



అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రానికి వాయవ్య మూలన బెంటన్‌విల్ అని ఒక ఊరుంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలినవాళ్లు 54 వేల మంది. ఆ ఊరి నడిబొడ్డున ఉన్న చౌరస్తాలో 1950లో శామ్ వాల్టన్ అనే ఆయన చిల్లర సామాన్ల దుకాణం పెట్టాడు. 1962 జూలై 2న పక్కనే ఉన్న రోజర్స్‌లో మొదటి వాల్‌మార్ట్ తెరిచాడు. ఏళ్ల తరబడి ప్రపంచంలోకెల్లా ఎక్కువ అమ్మకాలు జరిపిన కంపెనీగా పేరు తెచ్చుకున్న ఆ వాల్‌మార్ట్‌కు ప్రధాన కార్యాలయం నేటికీ ఆ చిన్న ఊళ్లోనే ఉంది. 2025 జనవరిలో అక్కడే 350 ఎకరాల్లో కొత్త ప్రాంగణం కూడా తెరిచారు.

ఐటీ ఉద్యోగాల మీద వచ్చిన మన తెలుగు కుటుంబాలు బెంటన్‌విల్‌లోనూ, రోజర్స్‌లోనూ చాలానే ఉన్నాయి. 2024 మే నెలలో డాలస్, అట్లాంటా, టొరంటో కార్యాలయాల్లో పనిచేసేవాళ్లలో చాలామందిని బెంటన్‌విల్‌కో, హొబోకెన్‌కో, కాలిఫోర్నియాకో మారమని కంపెనీ చెప్పింది. అప్పుడు సామాను సర్దుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. వీళ్లలో కొందరికి జీతంతో పాటు షేర్లూ వస్తాయి. జీతంలోంచి కొంత పట్టుకుని కంపెనీ షేర్లు కొనిపెట్టే పథకం కూడా ఉంది. ఏడాదిలో మొదటి 1,800 డాలర్ల దాకా మనం పెట్టిన దానికి కంపెనీ తన వంతుగా 15 శాతం కలుపుతుంది. అందుకే ఆ ఊళ్లో మన వాళ్లు నలుగురు కలిస్తే పిల్లల చదువులు, గ్రీన్‌కార్డు వరస అయిపోయాక మాట షేరు ధర మీదికే వస్తుంది. గుడిలో ప్రసాదం తింటూ కూడా అదే మాట.

ధర ఎంతుందో ఫోను చెప్తుంది. అంత ధర ఎందుకుందో ఫోను చెప్పదు. ఆ రెండో ప్రశ్నకు జవాబు వెతకడానికి మన చేతిలో ఉన్న పనిముట్లలో అన్నిటికన్నా తేలికైనది పీఈ నిష్పత్తి. ఈ రోజు పీఈ ఎంత అని చూసి వదిలేసేవాళ్లే ఎక్కువ. దాన్ని పాతికేళ్ల పొడవునా పరిచి చూస్తే ఏమి కనిపిస్తుందో, బెంటన్‌విల్ కంపెనీనే తీసుకుని ఈ ప్రసంగంలో చెప్తాను.

ముందు పీఈ అంటే ఏమిటో చూద్దాం. కంపెనీకి ఏడాదిలో వచ్చిన నికర లాభాన్ని మొత్తం షేర్లకు పంచితే ఒక్కో షేరు వంతుకు కొంత వస్తుంది. దాన్ని ఈపీఎస్ అంటారు. షేరు ధరను ఆ ఈపీఎస్‌తో భాగిస్తే వచ్చేది పీఈ. ఏడాదికి ఒక డాలరు సంపాదించే షేరుకు మనం ఎన్ని డాలర్లు పోస్తున్నామో అది చెప్తుంది.

మన ఊళ్లలో పొలం లెక్కగా చెప్తే ఇంకా బాగా తెలుస్తుంది. కృష్ణా డెల్టాలో ఎకరం 40 లక్షలు పలుకుతోందనుకోండి. కౌలు ఏడాదికి 40 వేలు. ధరను కౌలుతో భాగిస్తే 100. ఇంతలో ఆ పక్కగా రింగు రోడ్డు పోతుందన్న మాట పుట్టింది. ఎకరం కోటి అయింది. కౌలు మాత్రం ఆ 40 వేలే. ఇప్పుడు భాగిస్తే 250. ఆ చేలో ఒక్క బస్తా కూడా అదనంగా పండలేదు. పెరిగిందంతా రేపటి మీద నమ్మకం. రోడ్డు నిజంగా వస్తే కోటి పెట్టినవాడు గెలుస్తాడు. రాకపోతే, పంట ఎంత బాగా పండినా, ఆ కోటి వెనక్కి రావడానికి అతని జీవితకాలం చాలదు. షేరు విషయంలోనూ ధర ఇలా రెండు కాళ్ల మీద నడుస్తుంది. ఒకటి పంట, అంటే లాభం. రెండోది నమ్మకం, అంటే పీఈ. ధర పెరిగిందని విన్నప్పుడల్లా ఏ కాలు ముందుకు పడిందని అడగాలి. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది అదే.

వాల్‌మార్ట్ 1970 అక్టోబర్ 1న మొదటిసారి ప్రజలకు షేర్లు అమ్మింది. మూడు లక్షల షేర్లు, ఒక్కోటి 16 డాలర్ల 50 సెంట్లు. ఆ రోజు 1,650 డాలర్లు పెట్టి వంద షేర్లు కొని కదపకుండా ఉంచినవాళ్ల దగ్గర 1999 నాటికి 2,04,800 షేర్లు తేలాయి. ఎలాగంటే, ఆ మధ్యలో కంపెనీ పదకొండు సార్లు ఒక్కో షేరును రెండుగా విడగొట్టింది. 2024 ఫిబ్రవరిలో ఒక్కోదాన్ని మూడు చేసింది. దాంతో అవి 6,14,400 అయ్యాయి. ఇంట్లో తాతలు దాచిన షేర్ల కాగితాలు చూసి ఈ లెక్క తెలియక తికమకపడేవాళ్లు ఉంటారు. విభజన జరిగినప్పుడు ధర ఎంత భాగం తగ్గుతుందో ఈపీఎస్ కూడా అంతే భాగం తగ్గుతుంది. పీఈ చెక్కుచెదరదు. 1999 నాటి ధరను 2025 నాటి ధర పక్కన పెడితే మోసపోతాం, విభజన లెక్క సరిచూసుకోవాలి. పీఈలనైతే ఏ సరిచూపూ లేకుండా పక్కపక్కన పెట్టుకోవచ్చు. పొడవైన కాలానికి ఇది ఎందుకంత పనికొస్తుందో ఇక్కడే తెలుస్తుంది.

ఇక మూడు తేదీలు చెప్తాను. వీలున్నవాళ్లు కాగితం మీద రాసుకోండి. ఒక్క మాట ముందుగా: వాల్‌మార్ట్ ఆర్థిక సంవత్సరం జనవరి 31తో ముగుస్తుంది, మన దగ్గరలా మార్చి 31తో కాదు.

మొదటి తేదీ 1999 డిసెంబర్ 31. ఇంటర్నెట్ పేరు చెప్తే చాలు డబ్బు కురుస్తున్న రోజులు. వాల్‌మార్ట్ ఇటుకలూ సిమెంటుతో కట్టిన దుకాణాల కంపెనీ అయినా ఆ వేడి దానికీ తగిలింది. ఆ రోజు షేరు ధర 69 డాలర్లు. ఆ ఆర్థిక సంవత్సరానికి ఈపీఎస్ ఒక డాలరు 20 సెంట్లు. భాగించండి. పీఈ 57 పైచిలుకు.

రెండో తేదీ 2012 జనవరి 31. పన్నెండేళ్లు గడిచాయి. ఈ మధ్యలో కంపెనీ నిద్రపోలేదు. అమ్మకాలు 16,500 కోట్ల డాలర్ల నుంచి 44,700 కోట్ల డాలర్లకు చేరాయి. నికర లాభం 538 కోట్ల నుంచి 1,570 కోట్లకు పెరిగింది, అంటే దాదాపు మూడింతలు. కంపెనీ తన షేర్లను తానే మార్కెట్లో కొని రద్దు చేస్తూ వచ్చింది కాబట్టి ఒక్కో షేరు వంతు ఇంకా ఎక్కువ పెరిగింది. ఈపీఎస్ సుమారు నాలుగున్నర డాలర్లు. పంట నాలుగింతలకు చేరువైందన్న మాట. మరి ధర? 61 డాలర్లు. పన్నెండేళ్ల కిందటి కంటే 8 డాలర్లు తక్కువ. పీఈ పదమూడున్నర.

ఈ అంకెల దగ్గర కాసేపు ఆగుదాం. కంపెనీ బాగా నడిచింది, ఎక్కడా కూలిపోలేదు, మోసం చేసి పట్టుబడలేదు, లాభాలు దాదాపు ఏటికేడు పెంచింది. అయినా 1999 చివర్లో కొన్నవాడికి ధరలో పైసా మిగల్లేదు. డివిడెండ్ల రూపంలో ఆ పన్నెండేళ్లలో ఒక్కో షేరుకు ఎనిమిదిన్నర డాలర్లు వచ్చాయి. ధరలో పోయిన 8 డాలర్లకూ వాటికీ సరిపోయింది. పెట్టిన 69 డాలర్లు అలాగే చేతిలో ఉన్నాయి. ఈలోగా ఇంటి అద్దె పెరిగింది, పెట్రోలు పెరిగింది, కాలేజీ ఫీజులు పెరిగాయి. మంచి కంపెనీని ఎంచుకోవడంలో అతను ఏ పొరపాటూ చేయలేదు. లాభాలు పెరుగుతాయని ఊహించాడు, పెరిగాయి. అతను ముందే చెల్లించిన నమ్మకం ఖరీదు మాత్రం అంతకు మించి ఉంది.

నమ్మకం ఎందుకు అంతగా కరిగింది? ఒక కారణం కంపెనీ ఆకారమే. అమ్మకాలు 16,500 కోట్ల డాలర్లున్న కంపెనీ 1980ల్లో పెరిగినంత వేగంగా ఇక పెరగలేదు. పెరగాలంటే అమెరికాలో దుకాణం లేని ఊళ్లు మిగలాలి కదా. 2009 నుంచి 2011 దాకా అమెరికాలోని పాత దుకాణాల్లో అమ్మకాలు వరుసగా తొమ్మిది త్రైమాసికాల పాటు తగ్గాయి. మరో పక్క అమెజాన్ పుంజుకుంటోంది. మహిళా ఉద్యోగుల మీద వివక్ష చూపారన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇవన్నీ కలిసి మదుపరుల మనసులో ఒక మాట నాటాయి: ఇది ముసలి కంపెనీ. ముసలి కంపెనీ అని ముద్ర పడ్డాక లాభాల వార్త వచ్చినా ధర కదలదు. వచ్చిన లాభం అంతా పీఈ తగ్గడంలో ఇంకిపోతుంది.

ఆ నిరాశకు ఒక తేదీ కూడా చెప్పవచ్చు. 2015 అక్టోబర్ 14. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే కంపెనీ దుకాణాల్లో పనిచేసేవాళ్ల కనీస వేతనం గంటకు 9 డాలర్లకు, మరుసటి ఏడాది 10 డాలర్లకు పెంచుతామని ప్రకటించింది. అప్పటికి సీఈఓగా రెండో ఏడాదిలో ఉన్న డగ్ మెక్‌మిలన్ బృందం అక్టోబర్‌లో మదుపరుల ముందు అసలు లెక్క పెట్టింది. జీతాల మీద, ఆన్‌లైన్ వ్యాపారం మీద పెట్టే ఖర్చు వల్ల రాబోయే ఏడాది ఈపీఎస్ 6 నుంచి 12 శాతం తగ్గుతుందని చెప్పింది. ఆ ఒక్క రోజే షేరు పది శాతం పడిపోయింది. మార్కెట్ విలువలో అమెజాన్ వాల్‌మార్ట్‌ను దాటిపోయిందీ ఆ ఏడాదే. ఈ రోజు వెనక్కి తిరిగి చూస్తే, దుకాణాల్లో సరుకు సర్దే మనుషులకు జీతం పెంచిన ఆ నిర్ణయమే తర్వాతి దశాబ్దానికి పునాది వేసిందని నేను గట్టిగా నమ్ముతాను. పీఈ ఆ రోజు దాన్ని గుర్తించలేదు.

మూడో తేదీ 2025 జనవరి 31. ధర 98 డాలర్లు. ఇది మూడు ముక్కలయ్యాక ధర. పాత షేరు లెక్కన 294 డాలర్లు. ఈపీఎస్ 2 డాలర్ల 41 సెంట్లు, పాత లెక్కన 7 డాలర్ల 23 సెంట్లు. పీఈ 40 పైన.

ఇప్పుడు రెండో తేదీనీ మూడో తేదీనీ పక్కపక్కన పెట్టండి. పదమూడేళ్లలో ధర 61 నుంచి 294కు, అంటే దాదాపు అయిదింతలకు చేరింది. ఈపీఎస్ నాలుగున్నర నుంచి ఏడుంబావుకు, అంటే ఒకటికి ఒకటిన్నర రెట్లు దాటింది. పీఈ మూడింతలయింది. ఇంకో అడుగు లోపలికి వెళ్తే, కంపెనీ మొత్తం నికర లాభం 1,570 కోట్ల డాలర్ల నుంచి 1,940 కోట్లకు పెరిగింది. పదమూడేళ్లలో పావు వంతు కూడా పూర్తిగా పెరగలేదు. ఈపీఎస్‌లో మిగతా పెరుగుదల షేర్ల సంఖ్య తగ్గడం వల్ల వచ్చింది.

పెద్ద పంట పండిన పన్నెండేళ్లలో ధర కదల్లేదు. పంట కొద్దిగా పెరిగిన పదమూడేళ్లలో ధర అయిదింతలయింది. ఒకే ఊరు, ఒకే కంపెనీ. ధర గీతను మాత్రమే చూసేవాడికి మొదటి కాలంలో వాల్‌మార్ట్ చతికిలబడ్డట్టు, రెండో కాలంలో దూసుకుపోయినట్టు కనిపిస్తుంది. పుస్తకాలు తెరిస్తే సంగతి దాదాపు తలకిందులు.

అలాగని 2025 నాటి నమ్మకం గాలిలోంచి పుట్టిందని నేననను. 2016లో జెట్ డాట్ కామ్‌ను కొన్నారు. 2018లో 1,600 కోట్ల డాలర్లు పెట్టి మన ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా తీసుకున్నారు. 2020 సెప్టెంబర్‌లో వాల్‌మార్ట్ ప్లస్ సభ్యత్వం మొదలుపెట్టారు. ప్రకటనల వ్యాపారం 2025 జనవరితో ముగిసిన ఏడాదిలో 27 శాతం పెరిగి 440 కోట్ల డాలర్లయింది. బియ్యం బస్తా అమ్మితే వచ్చే లాభానికీ, ఆ బస్తా బొమ్మను వెబ్‌సైట్‌లో పైన చూపించినందుకు తీసుకునే డబ్బులో మిగిలే లాభానికీ చాలా తేడా ఉంది. రెండోదానికి గోదాము అక్కర్లేదు, లారీ అక్కర్లేదు. ముసలి కంపెనీ అన్న ముద్ర చెరిగిపోయి, ఇదీ ఒక టెక్నాలజీ కంపెనీయే అన్న ముద్ర పడింది. ఆ ముద్ర మారడం విలువే పీఈ పదమూడు నుంచి నలభైకి పోవడం. ఆ మార్పులో కోడు రాసిన మన పిల్లల చేతి పని కూడా ఉంది. అందుకు నాకు సంతోషమే.

వడ్డీ రేట్ల సంగతి కూడా చూడాలి. పీఈని తిరగేస్తే, అంటే 100ను పీఈతో భాగిస్తే, మనం పెట్టిన వంద డాలర్ల వెనక కంపెనీ ఏటా ఎంత సంపాదిస్తోందో వస్తుంది. 1999 చివర్లో అది డాలరు ముప్పావు. అదే రోజున అమెరికా ప్రభుత్వ పదేళ్ల బాండు 6 శాతం పైన ఇస్తోంది. ఏ భయమూ లేని బాండును కాదని జనం డాలరు ముప్పావు వైపు పరిగెత్తారు. 2012 జనవరిలో వాల్‌మార్ట్ వంద డాలర్లకు 7 డాలర్ల పైన సంపాదిస్తుంటే బాండు 2 శాతం కూడా ఇవ్వడం లేదు. అప్పుడు షేరు మొహం చూసేవాడు లేడు. 2025 జనవరిలో షేరు వైపు రెండున్నర, బాండు వైపు నాలుగున్నర. వడ్డీ తగ్గితే పీఈ పెరగాలి, వడ్డీ పెరిగితే పీఈ తగ్గాలి అని పాఠాల్లో చెప్తారు. పాతికేళ్ల వాల్‌మార్ట్ కథలో మూడు చోట్లా దానికి ఎదురే జరిగింది. మనుషుల ఉత్సాహానికీ నిరుత్సాహానికీ అంత బలం ఉంది.

పీఈలో కింద ఉండే అంకెను, అంటే లాభాన్ని, ఎంతవరకు నమ్మాలన్నది ఇంకో సంగతి. 2019 జనవరి 31న వాల్‌మార్ట్ పీఈ చూసినవాడు ఉలిక్కిపడి ఉంటాడు. ధర 96 డాలర్ల దగ్గర ఉంది, ఈపీఎస్ 2 డాలర్ల 26 సెంట్లు. పీఈ 42. వ్యాపారం ఏమైనా కుప్పకూలిందా? లేదు. బ్రెజిల్ వ్యాపారంలో ఎక్కువ భాగాన్ని నష్టానికి వదిలించుకున్నారు, చైనాలో జేడీ డాట్ కామ్‌లో ఉన్న వాటా విలువ కాగితం మీద తగ్గింది. ఇలాంటివి తీసేసి కంపెనీ చూపించిన సవరించిన ఈపీఎస్ 4 డాలర్ల 91 సెంట్లు. దాంతో భాగిస్తే పీఈ 20 లోపే. ఒక్క ఏడాది లాభాన్ని పట్టుకుని పీఈ చెప్తే ఇలా ఎటైనా తూలిపోతుంది. కంపెనీలు ఏటేటా ఏదో ఒకటి తీసేసి సవరించిన లాభమే అసలు లాభమని చెప్పే అలవాటు కూడా మంచిది కాదు. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోవడమే మేలు.

ఆ కింది అంకెలోనే అబద్ధం ఉంటే? తెలుగువాళ్లకు ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడింది. 2008 సెప్టెంబర్ త్రైమాసికానికి 649 కోట్ల రూపాయల నిర్వహణ లాభం చూపించామనీ, అసలు లాభం 61 కోట్లేననీ అందులో ఉంది. ముందు రోజు 179 రూపాయల దగ్గర ఉన్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయలకు దిగింది. అంతకు ముందు రోజు ఎవరైనా పీఈ లెక్కగట్టి ఉంటే, ఇంత మంచి కంపెనీ ఇంత చౌకగానా అనుకునేవారు. సత్యం ఉద్యోగం మీదే అమెరికాలో అడుగు పెట్టినవాళ్లు మనలో ఎంతోమంది. అందులో కొందరు జీతమూ, దాచుకున్నదీ రెండూ ఆ ఒక్క పేరు మీదే పెట్టుకున్నారు. ఆ ఇళ్లలో ఆ ఏడాది సంక్రాంతి ఎలా గడిచిందో వాళ్లకే తెలుసు. లాభం పక్కనే కంపెనీకి నిజంగా చేతికి వచ్చిన నగదు ఎంతో కూడా చూడమని లెక్కలు తెలిసినవాళ్లు ఎందుకు మొత్తుకుంటారో ఆ రోజు అర్థమైంది.

ఒక్క ఏడాదిని నమ్మవద్దన్న మాట పాతదే. అమెరికాలో మదుపు విద్యకు పెద్ద గురువైన బెంజమిన్ గ్రాహం, జాగ్రత్తపరులైన మదుపరులు గత మూడేళ్ల సగటు లాభానికి 15 రెట్లు మించి ధర పెట్టవద్దని సూచించాడు. 2013లో నోబెల్ అందుకున్న రాబర్ట్ షిల్లర్, ధరల పెరుగుదలను సర్దుబాటు చేసి పదేళ్ల సగటు లాభంతో మార్కెట్ మొత్తానికి పీఈ కట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఏ పద్ధతి పట్టినా 1999 చివరి వాల్‌మార్ట్ ఖరీదైనదనే తేలుతుంది.

అయితే 15 రెట్ల గీత గీసుకుని కూర్చున్నవాడు 1980ల్లో వాల్‌మార్ట్‌ను కొనేవాడే కాదు. అప్పుడు దాని పీఈ చాలా కాలం ఆ గీతకు పైనే ఉంది. 1980 జనవరితో ముగిసిన ఏడాదిలో దాదాపు 125 కోట్ల డాలర్లున్న అమ్మకాలు పదేళ్లకు 2,580 కోట్లయ్యాయి. ఆ వేగం ముందు పాతిక రెట్ల ధర కూడా చౌకే. వారెన్ బఫెట్ కూడా ఇక్కడ చెయ్యి జారవిడుచుకున్నాడు. పది కోట్ల వాల్‌మార్ట్ షేర్లు కొందామని మొదలుపెట్టి, ధర కాస్త పైకి కదిలేసరికి మళ్లీ దిగుతుందిలే అని ఆగిపోయాననీ, ఆ ఆగడం వల్ల దాదాపు వెయ్యి కోట్ల డాలర్ల లాభం పోయిందనీ 2004లో తన కంపెనీ వాటాదారుల సభలో ఆయనే చెప్పాడు. ఎక్కువ పీఈ అనగానే తప్పనీ, తక్కువ పీఈ అనగానే ఒప్పనీ అనుకుంటే దారి తప్పుతాం. ఆ నమ్మకానికి సరిపడా పంట ముందు ముందు పండే వీలుందా అన్నదే ప్రశ్న.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి వింటున్నవాళ్లకు డీమార్ట్ దగ్గరి ఉదాహరణ. 2017 మార్చిలో 299 రూపాయలకు ఇచ్చిన షేరు 2021 అక్టోబర్‌లో 5,900 దాకా వెళ్లింది. ఆ ఆర్థిక సంవత్సరం నికర లాభం సుమారు 1,490 కోట్ల రూపాయలు. 2025 మార్చి నాటికి లాభం 2,700 కోట్లు దాటింది. షేరు మాత్రం నాలుగు వేల చుట్టూ ఉంది. దుకాణాల్లో బిల్లు కౌంటర్ల ముందు వరస ఎప్పటిలాగే ఉంది. 2021లో కొన్నవాడు పుస్తకాల్లో లాభం పెరగడం చూస్తూ, ఖాతాలో డబ్బు తగ్గడం చూస్తూ కూర్చున్నాడు.

బెంటన్‌విల్‌లో ఉండే ఒక కుర్రవాడు, నాకు వరసకు అబ్బాయి, ఈ మధ్య అడిగాడు.

"బాబాయ్, నేను చేరినప్పటి నుంచీ షేరు పెరగడమే చూశాను. మీరు పాత లెక్కలు చెప్పి భయపెడుతున్నారు. ఉన్నవి అమ్మేయమంటారా?"

"అమ్మమని నేననలేదు నాయనా. నీ జీతం ఎవరిస్తారు?"

"కంపెనీ."

"ఇల్లు ఎక్కడ కొన్నావు?"

"ఇక్కడే, బెంటన్‌విల్‌లో."

"ఈ ఊళ్లో ఇళ్ల ధరలు దేని మీద ఆధారపడ్డాయి?"

వాడు కాసేపు మాట్లాడలేదు. "అదీ కంపెనీ మీదే."

"నీ వీసా కాగితాలు?"

"అవీ అంతే బాబాయ్."

"మరి దాచుకునేది కూడా అక్కడేనా?"

పీఈ చరిత్ర చదవడం వల్ల ఉద్యోగులకు కలిగే అసలు మేలు ఇదేనని నా అభిప్రాయం. కంపెనీ బాగుంటుందన్న నమ్మకం మనకు ఉద్యోగంలోనే ఉంది. ఆ నమ్మకాన్ని నలభై రెట్ల ధరకు రెండోసారి కొనాల్సిన అవసరం అందరికీ ఉండదు. షేర్లు చేతికి వచ్చినప్పుడల్లా కొంత భాగం అమ్మి వేరే చోట పెట్టడం కంపెనీ పట్ల ద్రోహమేమీ కాదు. కొందరు మన వాళ్లు అలా అనుకుని మొహమాటపడుతుంటారు కాబట్టి ఈ మాట చెప్తున్నాను. 15 శాతం కలిపి ఇచ్చే పథకాన్ని మాత్రం వదులుకోకండి. అది ధరతో సంబంధం లేకుండా చేతికి అందే లాభం.

ఏ కంపెనీకైనా ఈ లెక్క ఇంట్లోనే వేసుకోవచ్చు. వార్షిక నివేదికల నుంచి పదిహేనేళ్ల ఈపీఎస్‌లు తీసుకోండి. విభజనలు సరిచేసుకోండి. పక్కన ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన రోజు ధర రాయండి. మూడో గడిలో పీఈ, నాలుగో గడిలో షేర్ల సంఖ్య. ఒక ఆదివారం మధ్యాహ్నం పని అది. పది, పదిహేను వరసలు పూర్తయ్యేసరికి ఆ కంపెనీ గురించి వార్తల్లో వినని సంగతులు కళ్ల ముందుకొస్తాయి.

తర్వాత ముందుకు చూసే లెక్క. వాల్‌మార్ట్‌నే తీసుకుందాం. 2025 జనవరి ఈపీఎస్ 2 డాలర్ల 41 సెంట్లు ఏటా 8 శాతం చొప్పున పెరుగుతుందనుకోండి. అంత పెద్ద కంపెనీకి అది మంచి వేగమే. పదేళ్లకు ఈపీఎస్ 5 డాలర్ల 20 సెంట్లు అవుతుంది. అప్పటికీ జనం 40 రెట్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉంటే షేరు 208 డాలర్లు. నమ్మకం సగానికి తగ్గి 20 రెట్లే ఇస్తామంటే 104 డాలర్లు, అంటే 2025 జనవరి నాటి 98 మీద పదేళ్లకు 6 డాలర్లు. 2012 జనవరిలోలా నమ్మకం ఇంకా కరిగి 13 రెట్లకు చేరితే 68 డాలర్లు. మూడు చోట్లా కంపెనీ పని ఒక్కటే, ఉద్యోగుల శ్రమ ఒక్కటే, లాభం ఒక్కటే. పిల్లల కాలేజీ ఫీజు 2035లో కట్టాల్సిన తల్లిదండ్రులు ఈ మూడు అంకెల్లో కింది దాన్ని కూడా కాగితం మీద రాసుకుని, అది నిజమైనా ఫీజు కట్టగలిగేలా మిగతా డబ్బు ఎక్కడ పెట్టాలో భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ కాగితం మీద మొదటి అంకె రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త: ధర ఫోనులోంచి తీసుకోండి, ఈపీఎస్ మాత్రం కంపెనీ వార్షిక నివేదికలోంచే తీసుకోండి.